గోళీలు ఉచితం, పాట మళ్లీ కొనాలి

2011 సెప్టెంబరులో పింక్ ఫ్లాయిడ్ వారి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌కు ‘ఇమర్షన్’ పేరుతో ఒక బాక్స్ సెట్ వెలువడింది. లోపల ఆరు డిస్కులు. వాటికి తోడు ఒక స్కార్ఫ్, కప్పుల కింద పెట్టుకునే కోస్టర్లు తొమ్మిది, ఏ గేటు దగ్గరా చెల్లని టికెట్ నకలు, ఏ తెరవెనుకకూ పోనివ్వని బ్యాక్‌స్టేజ్ పాస్ నకలు, మూడు నల్ల గోళీలు. అవును, గోళీలే. వీధిలో పిల్లలు ఆడుకునేవే. రాక్ సంగీతానికీ గోళీలకూ చుట్టరికమేమిటని ఎవరైనా అడుగుతారేమోనని కంపెనీ ఏమాత్రం జంకలేదు. కొద్ది నెలల్లోనే ‘విష్ యు వర్ హియర్’, ‘ద వాల్’ పెట్టెలు కూడా మూడేసి గోళీలతో, తొమ్మిదేసి కోస్టర్లతో దిగాయి. మూడు పెట్టెలూ కొన్న మహానుభావుడి ఇంట ఇప్పుడు 9 గోళీలు, 27 కోస్టర్లు ఉన్నాయి. ఇరవై ఏడుగురు చుట్టాలు ఒక్కసారే ఊడిపడినా బల్ల మీద కాఫీ మరక పడదు. ధనాశను వెక్కిరించే ‘మనీ’ అనే పాట ఉన్నది కూడా ఆ మొదటి ఆల్బమ్‌లోనే. వ్యంగ్యం రాసుకునేవాడికి వీళ్లు ఏం మిగిల్చారు?

ఆ ఆల్బమ్ నిడివి సుమారు 43 నిమిషాలు. 1973లో ఎల్పీగా వచ్చింది. తర్వాత సీడీ అయింది. 1993లో ఇరవయ్యో ఏడని పెట్టెలో పెట్టారు. 2003లో ముప్ఫయ్యో ఏడని ఎస్ఏసీడీ అనే మెరుగైన రకం సీడీ చేశారు. 2011లో గోళీలు పోశారు. 2023లో యాభయ్యో ఏడని ఇంకా పెద్ద పెట్టె కట్టారు. పుట్టినరోజు ఆల్బమ్‌ది, కానుక చదివించేది మాత్రం ప్రతిసారీ మనమే. అరవయ్యో ఏటికి షష్టిపూర్తి పెట్టె రాదని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

కంపెనీల బాధా అర్థం చేసుకోవాలి. నెల చందా కట్టి ఫోనులో వినేవాడు ఒక్కో పాటకు ఇచ్చేది చిల్లర కూడా కాదు. మరోవైపు పాత పాటల హక్కుల కోసం సోనీ డబ్బు కుప్పలు కుప్పలుగా పోసింది. 2021లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటలు కొన్నది. 2024లో పింక్ ఫ్లాయిడ్ రికార్డింగుల కోసం సుమారు 40 కోట్ల డాలర్లు పెట్టిందని పత్రికలు రాశాయి. పోసినది రాబట్టుకోవాలి కదా! పాట కట్టినవాళ్లు ముసలివాళ్లయ్యారు, కొందరు లోకంలోనే లేరు. కొత్త పాట పుట్టదు. ఇక పుట్టించగలిగింది కొత్త పెట్టె ఒక్కటే.

కొనేవాడెవడో కూడా వాళ్లకు బాగా తెలుసు. పద్దెనిమిదేళ్ల వయసులో స్నేహితుడి రికార్డు నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకుని, అది సాగిపోయేదాకా విన్నవాడు. ఇప్పుడు లివర్‌పూల్‌లోనో న్యూజెర్సీలోనో హైదరాబాదులోనో యాభై దాటి, ఇంటి అప్పు తీర్చి, చేతిలో నాలుగు డబ్బులతో కూర్చున్నాడు. అప్పుడు కొనలేకపోయిన బాకీ ఏదో ఇప్పుడు తీర్చుకోవాలని వాడి ఆరాటం. హైదరాబాదు వాడైతే కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా కలిపి మరీ తీర్చుకుంటాడు. ఆ ఆరాటానికే ధర కట్టారు. లోపలున్న సంగీతానికి కాదు.

పిండి కొద్దీ రొట్టె అంటారు మనవాళ్లు. ఇక్కడ పెట్టె కొద్దీ డిస్కులు. 2016లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ‘ది ఎర్లీ ఇయర్స్’ పెట్టెలో 27 డిస్కులు. లెక్క ఘనంగానే ఉంది. అందులో సీడీలు 10, డీవీడీలు 9, బ్లూ-రేలు 8. డీవీడీల్లో ఉన్న బొమ్మే బ్లూ-రేల్లోనూ ఉంటుంది. ఒకే వడ్డన రెండు విస్తళ్లలో పెట్టి, రెండు భోజనాల డబ్బు తీసుకున్నారన్నమాట. 2022లో బీటిల్స్ ‘రివాల్వర్’ సూపర్ డీలక్స్ ఇంకో రకం. ఐదు సీడీలు. అసలు ఆల్బమ్ 35 నిమిషాలు. కొత్త స్టీరియో మిక్స్ ఒక సీడీ, పాత మోనో మిక్స్ మరో సీడీ. రెండూ కలిపితే 70 నిమిషాలు, ఒక్క సీడీలో హాయిగా పట్టేవి. ఐదో సీడీలో ఉన్నవి నాలుగంటే నాలుగే ట్రాకులు. అవీ రెండు పాటలే, ఒకసారి స్టీరియోలో, ఒకసారి మోనోలో. 74 నిమిషాలు పట్టే డిస్కులో ముప్పాతిక భాగం పైగా మౌనమే. మౌనానికి కూడా వెల కట్టగలిగినవాడే అసలైన వ్యాపారి.

ఇక గుట్టలు గుట్టలుగా బయటపడుతున్న ‘ఇదివరకు విడుదల కాని’ రికార్డింగుల సంగతి. ఇదంతా చరిత్ర మీద గౌరవమని, అభిమానుల మీద ప్రేమని కంపెనీలు చెప్పుకుంటాయి. అసలు కథ చట్టంలో ఉంది. 2011లో యూరోపియన్ యూనియన్ సౌండ్ రికార్డింగుల హక్కులను 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పొడిగించింది. ఒక మెలిక పెట్టింది: రికార్డు చేసిన 50 ఏళ్లలోపు బయటపెట్టని దానికి ఈ పొడిగింపు దక్కదు. అంతే, గోదాముల్లో నిద్రపోతున్న టేపులన్నిటికీ ఒక్కసారిగా మెలకువ వచ్చింది. 2012 చివర్లో బాబ్ డిలన్ పాత టేకులను యూరప్‌లో వంద కాపీల చొప్పున మాత్రమే విడుదల చేశారు. ఉపశీర్షికలోనే ‘కాపీరైట్ ఎక్స్‌టెన్షన్ కలెక్షన్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ నిజాయితీకి మాత్రం జోహార్లు. 1974 నాటి డిలన్ కచేరీల పెట్టె ఎప్పుడు వచ్చిందో లెక్క వేసుకోండి. సరిగ్గా 2024లోనే, 27 సీడీలతో, 431 ట్రాకులతో. ప్రతి రాత్రీ దాదాపు అవే పాటలు, ఊరు మాత్రం మారుతుంది. మనం చరిత్ర విన్నామనుకుంటాం. వాళ్లు గడువు తేదీ లోపల దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నారు.

సంగీతం చాలనప్పుడు సామగ్రి ఉండనే ఉంది. ఏసీ/డీసీ వాళ్లు 2009లో ‘బ్యాక్‌ట్రాక్స్’ పెద్ద పెట్టెను నిజంగా పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్‌గానే తయారు చేశారు. పాటలు నచ్చకపోతే మీరే వాయించుకోవచ్చు. ఈ వరసలో శిఖరం మాత్రం జార్జ్ హారిసన్ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’. 1970లో మూడు ఎల్పీలతో, పెట్టె రూపంలోనే వచ్చిన ఆల్బమ్ అది. 2021లో దానికి ‘ఊబర్ డీలక్స్’ అవతారం ఎత్తించారు. చెక్క పెట్టె. అట్ట మీది హారిసన్‌కూ, ఆయన చుట్టూ ఉన్న తోట మరుగుజ్జులకూ చిన్న చిన్న ప్రతిమలు. ఆయన తోటలో కొట్టేసిన ఓక్ చెట్టు చెక్కతో చేసిన బుక్‌మార్క్. పరమహంస యోగానంద పుస్తకం. ఆపైన రుద్రాక్షలు! ధర 999 డాలర్ల 98 సెంట్లు. వెయ్యికి రెండు సెంట్లు తగ్గించిన బాటా ధర. లోకం మీద మోహం వదులుకోమని జీవితమంతా పాడిన మనిషి పేరు మీద ఈ మూట కట్టారు. రుద్రాక్షలు కావలసినవాళ్లు శ్రీశైలం గుడి దారిలో దుకాణాలు చూసుకోవచ్చు. అక్కడ వాటితో పాటు బ్లూ-రే అంటగట్టరు. తమాషా ఏమిటంటే ఆ పెట్టెలోని 70 ట్రాకులూ స్ట్రీమింగ్‌లో నెల చందాకే దొరుకుతాయి. దొరకనివి మరుగుజ్జులు మాత్రమే.

‘పరిమిత ముద్రణ’ అనే మంత్రం ఇంకొకటి. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1972 యూరప్ యాత్రలో చేసిన 22 కచేరీలనూ 2011లో 73 సీడీలుగా, ప్రయాణపు ట్రంకు పెట్టె నమూనాలో అమ్మారు. 7,200 పెట్టెలు మాత్రమే, ఒక్కోటి 450 డాలర్లు. రోజుకో సీడీ చొప్పున వింటే రెండున్నర నెలల పని. నాలుగు రోజులు కూడా గడవకముందే ఖాళీ అయిపోయాయి. ఆ తర్వాత ట్రంకు లేకుండా సంగీతం మాత్రమే ఉన్న ప్రతిని అమ్మకానికి పెట్టారు. అంటే పరిమితమైనది పాట కాదు, ట్రంకు. తమ కచేరీలను ప్రేక్షకులే టేపు చేసుకోవడానికి ఒప్పుకున్న బృందం అది. ఆ టేపులను డబ్బుతో పని లేకుండా చేతులు మార్చుకోవడం ఆ అభిమానులకు ఆచారం. ఆ కాలపు కచేరీలెన్నో ఈనాటికీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఇవ్వకుండా వినవచ్చు.

“శబ్దం చూడండి సార్, శబ్దం!” అంటారు చివరికి. అనలాగ్ స్వచ్ఛత, అసలు మాస్టర్ టేపు, 180 గ్రాముల వినైల్. ఈ మాటలకు పరవశించిపోయే చెవులకు 2022 జులైలో ఒక పరీక్ష జరిగింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీ పాత ఆల్బమ్‌లను మాస్టర్ టేపుల నుంచి కోసిన రికార్డులంటూ అమ్మేది. అందులో ‘వన్-స్టెప్’ రకం పెట్టె వంద డాలర్ల పైమాటే. అవి పూర్తిగా అనలాగ్ అని కొన్నవాళ్లు నమ్మారు. డిజిటల్‌లో లేని వెచ్చదనమేదో వాటిలో ఉందని వ్యాసాలు రాశారు. తీరా చూస్తే వాటిలో చాలావాటికి నడుమ డిజిటల్ మెట్టు ఉందని, అదీ ఏళ్ల తరబడి ఉందని, కంపెనీ ఇంజినీర్లే ఒప్పుకున్నారు. కోర్టు దావాలు పడ్డాయి. సుమారు రెండున్నర కోట్ల డాలర్ల రాజీతో తేలింది. రికార్డులు చెడ్డవి కావు, బాగానే మోగేవి. కానీ ఒక్క బంగారు చెవి కూడా అన్నేళ్లలో తేడా పట్టుకుని కంపెనీని నిలదీయలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఆడియో వ్యాపారం కోసమే పుట్టినట్టుంది.

మరి పెట్టెలన్నీ పైన పటారం లోన లొటారమేనా? కాదు. అదే విచారకరం. అన్నీ బూటకమైతే తేలిగ్గా వదిలేయొచ్చు. బీచ్ బాయ్స్ 1967లో మధ్యలో వదిలేసిన ‘స్మైల్’ ఆల్బమ్ ముక్కలను 2011లో ‘ద స్మైల్ సెషన్స్’గా కూర్చారు. నలభై ఏళ్లకు పైగా పుకారుగా మిగిలినది చేతికి అందింది. 1991లో డిలన్ ‘బూట్‌లెగ్ సిరీస్’ మొదటి పెట్టెలో ‘బ్లైండ్ విల్లీ మెక్‌టెల్’ ఉంది. 1983లో పాడి పక్కన పెట్టేసిన పాట. ఈనాడు ఆయన గొప్ప పాటల్లో ఒకటిగా లెక్కిస్తున్నారు. 1998లో స్ప్రింగ్‌స్టీన్ ‘ట్రాక్స్’లో 66 పాటలు వచ్చాయి, అందులో చాలావరకు ఎవరూ విననివే. నేను ఇందాక ఎగతాళి చేసిన ‘రివాల్వర్’ పెట్టెలో కూడా ఒక నిధి ఉంది. పిల్లల పాటగా అందరికీ తెలిసిన ‘ఎల్లో సబ్‌మెరైన్’ను జాన్ లెనన్ మొదట ఎంత దిగులుగా పాడుకున్నాడో వినిపించే టేపు అది. అలాంటిది ఒక్కటి వింటే ఆ పాట మీద మన అభిప్రాయమే మారిపోతుంది. ఆ చిన్న ముక్క కోసం ఐదు సీడీలు మోయించడమే దుర్మార్గం.

తీర్పు చెప్పడం కష్టమేమీ కాదు. కొనే ముందు పెట్టెను, పుస్తకాన్ని, నకలు టికెట్లను, ప్రతిమలను మనసులో పక్కన పెట్టేయండి. రీమాస్టర్ చేశామన్న పాత ఆల్బమ్‌ను తీసేయండి, అది మీ దగ్గర ఉంది. ఒకే సరుకు రెండు రూపాల్లో ఉంటే ఒకటి కొట్టేయండి. స్ట్రీమింగ్‌లో దొరికేది కూడా కొట్టేయండి. ఇక మిగిలిన దాన్ని రెండోసారి వింటారా అని మీకు మీరే నిజం చెప్పుకోండి. వింటానంటే ధర ఎంతైనా కొనండి, ఆ డబ్బు వృథా కాదు. ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ నాలుగో టేకులోనే కుదిరిపోయిందని తెలిశాక కూడా, ఆ తర్వాత తీసిన టేకులన్నీ వరసపెట్టి వినాలనిపించే పరిశోధకులు కొందరు ఉంటారు. 2015లో వచ్చిన 18 సీడీల డిలన్ పెట్టె వాళ్ల కోసమే. వాళ్లు ధన్యులు. మిగతా మనబోటివాళ్లు ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. ఇంట్లో ఉన్న పాత రికార్డు దుమ్ము తుడిచి వినండి. ఒకసారి డబ్బిచ్చి కొన్న పాటకు, కంపెనీ మారినా, పెట్టె మారినా, మీరు ఎవరికీ బాకీ లేరు.