బీదలపాట్లు, బుకింగ్ ఫీజుతో సహా

జాన్ వాల్జాన్ ఒక రొట్టె దొంగిలించాడు. దానికి ఐదేళ్ళు, మధ్యమధ్యలో పారిపోబోయి పట్టుబడ్డందుకు పద్నాలుగేళ్ళు, మొత్తం 19 ఏళ్ళు జైల్లో మగ్గాడు. మా ఆవిడ సంచీలో నాలుగు చపాతీలున్నాయి, బంగాళాదుంప కూర పెట్టి చుట్టినవి. ఆ లెక్కన మాకు 76 ఏళ్ళు పడాలి. గేటు దగ్గర డబ్బా తీసేసుకుని వదిలేశారు. ఎంతైనా నాగరిక దేశం.

మా పెళ్ళై నలభయ్యేళ్ళైందని, ఇంగ్లండులో ఉన్న అమ్మాయీ అల్లుడూ మా ఇద్దరికీ ఆ వాల్జాన్ కథే అయిన 'లే మిజరాబ్ల్' కచేరీకి టిక్కెట్లు కొన్నారు. నాటకం కాదు, కచేరీ. పాటలవే, వేషాలవే. కాకపోతే వాద్యబృందం వేదిక మీదే కూర్చుంటుంది, పాత్రలు మైకుల ముందు నిలబడి కష్టాలు పాడుకుంటాయి. అది జరిగేది నాటకాల హాల్లోనూ కాదు, బాక్సింగు పోటీలు పెట్టే వేల సీట్ల ఎరీనాలో.

అల్లుడి ఫోన్లో బిల్లు చూశాను. టిక్కెట్టు ధర ఒకటి. దాన్ని మనకు అమ్మిపెట్టినందుకు సర్వీసు ఫీజు. హాలుకు గోడలూ పైకప్పూ ఉన్నందుకు ఫెసిలిటీ ఫీజు. ఇవన్నీ కూడి చెప్పినందుకు ప్రాసెసింగ్ ఫీజు. నేను మనసులో పౌండ్లను నూటపదితో హెచ్చవేస్తున్నానని నా పెదాలు చూసి కనిపెట్టింది అమ్మాయి. "నాన్నా, ఇది టిక్కెట్టు కాదు, ఎక్స్‌పీరియన్స్" అంది. మా ఆవిడ మాత్రం, "ఒకళ్ళ పేదరికం చూడ్డానికి ఇంతవుతుందా?" అని ఊరుకుంది.

పేదరికం మీద సొమ్ము చేసుకోవడం నిన్నమొన్నటి విద్య అని ఎవరైనా అంటే నమ్మకండి. విక్టర్ హ్యూగో ఈ నాటకానికి మూలమైన నవలను 1862లో అచ్చువేయించినప్పుడు లాక్రువా అనే ప్రచురణకర్త దగ్గర 3 లక్షల ఫ్రాంకులు పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో అది జమీందారీ కొనగలిగేంత డబ్బు. అయితే అదే 1862లో, తాను ప్రవాసంలో ఉన్న గెర్న్‌సీ దీవిలో, బీదపిల్లల్ని వారం వారం ఇంటికి పిలిచి భోజనం పెట్టడం కూడా మొదలెట్టాడు. రొట్టె గురించి రాసినవాడు రొట్టె పెట్టాడు కూడా. తరవాతి నూట అరవై ఏళ్ళలో ఆ పెట్టే అధ్యాయం ఎక్కడో జారిపోయింది. ఏడ్చే అధ్యాయాలకు మాత్రం బాణీలు కట్టారు.

ఎరీనాను కూడా తప్పుపట్టను. ఈ సంగీత నాటకం పుట్టిందే 1980లో, పారిస్‌లో ఒక క్రీడామందిరంలో. 1985 అక్టోబరు 8న లండన్‌లో ఇంగ్లీషులో మొదలైతే విమర్శకులు చీల్చి చెండాడారు, జనం టిక్కెట్లకు బారులు తీరారు. జనమే నెగ్గారు. పాటలు నిజంగా గొప్పవి, అది ముందే ఒప్పేసుకుంటున్నాను. నా తగాదా పాటలతో కాదు, వాటి చుట్టూ కట్టిన దుకాణంతో.

గేటు దగ్గరికి వద్దాం. సంచీ ఎ4 కాగితం కంటే పెద్దదిగా ఉండకూడదు, బయటి తిండి తేకూడదు. ఈ రెండు చట్టాలనూ మా ఆవిడ ఏకకాలంలో ఉల్లంఘించింది. నాకు షుగరు, ఎనిమిదింటికల్లా ఏదో ఒకటి తినాలి, అందుకు తెచ్చిన చపాతీలవి. పసుపుపచ్చ కోటు వేసుకున్న కుర్రాడు డబ్బా మూత తీశాడు. తీసి, అలా ఉండిపోయాడు. ఎదురుగా ఉన్నది ఆలుగడ్డ కూర. "తెలుగోళ్ళా అంకుల్?" అన్నాడు మెల్లగా.

వరంగల్ దగ్గర పల్లెటట. ఎమ్మెస్ చదువుతున్నాడు. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదన్నది వీసా షరతు, ఆ ఇరవైలో ఐదు గంటలు ఇక్కడ, చలిలో, జనాల సంచీలు తడుముతూ. "డాక్టరు చీటీ ఉంటే పోనిస్త అంకుల్. లేకుంటే పోనియ్యరాదు. కెమెరాలున్నయి, నా షిఫ్టు పోతది" అన్నాడు. కథలో జావెర్ అనే పోలీసు ఉంటాడు, చట్టం తప్పితే మరొకటి తెలియనివాడు, ఆఖరికి ఆ చట్టం మీదే నమ్మకం సడలి నదిలో దూకుతాడు. ఈ కుర్రాడు మాత్రం జావెర్ కాదు. జావెర్‌ది ఉద్యోగం, వీడిది గంటల కూలి. ఆంటీ ముఖం చూడలేక డబ్బాను బల్ల కింద పెట్టాడు.

మనం ఇందులో వెనకబడ్డామేమోనని బెంగపడక్కర్లేదు. సినిమా హాళ్ళవాళ్ళు బయటి తిండిని ఆపవచ్చని మన సుప్రీంకోర్టు 2023 జనవరిలోనే చెప్పేసింది. జిలేబీలు తెచ్చుకుని ఆ చేతులు సీటుకు తుడిస్తే ఎవరు కడుగుతారన్న ముచ్చట కూడా ఆ విచారణలో వచ్చింది. మంచినీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలట. వాల్జాన్ ఈ కాలంలో పుట్టి ఉంటే నీళ్ళు తాగి ఊరుకునేవాడు, నవలే ఉండేది కాదు.

లోపల మరో లోకం. బయటి రొట్టె నేరం, లోపలి రొట్టె వ్యాపారం: నడుమ సాసేజి పెట్టిన ఒక్క బన్ను ధరకు మా తెనాలిలో నలుగురు కడుపునిండా భోంచేయవచ్చు. పక్కనే జ్ఞాపికల కొట్టు. కోజెట్ అనే చిన్నపిల్ల, తనకంటే పొడుగున్న చీపురు పట్టుకుని సత్రంలో చాకిరీ చేస్తుంటే ఏమీల్ బయార్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ ఒకటుంది. ఈ నాటకానికి అదే గుర్తు. ఆ వెట్టిచాకిరీ పిల్ల టీషర్టు మీద ఉంది, కాఫీకప్పు మీద ఉంది, తాళంచెవుల గుత్తికి వేలాడుతోంది. ఒక తల్లి ఆ టీషర్టును ఎనిమిదేళ్ళ కూతురి ఒంటికి ఆనించి సైజు చూస్తోంది. పాప ఆ కొలతకు నిలబడలేక మారాం చేస్తోంది. దాని చేతిలో చీపురు పెడితే తెలిసేది.

పాట మొదలైంది. ఫాంటీన్ అనే తల్లి కూతురి కోసం జుట్టమ్ముకుంటుంది, తరవాత ఒళ్ళమ్ముకుంటుంది. నా పక్కన కూర్చున్నావిడ వెక్కివెక్కి ఏడుస్తోంది. చేతిలో ప్లాస్టిక్ గ్లాసులో ద్రాక్షసారా, దాంట్లో ఒక్క చుక్క ఒలకలేదు. ఏడుపులో అంత నిగ్రహం నేనెక్కడా చూడలేదు. విరామం ఇవ్వగానే ఆవిడ కళ్ళు తుడుచుకుని, కొత్త గ్లాసు కోసం వరసలో నిలబడింది. ఆ వరస గోడ చుట్టూ తిరిగి, మరుగుదొడ్డి వరసతో కలిసిపోయి, ఎవరు దేనికి నిలబడ్డారో తెలియకుండా పోయింది. కథలో తిరుగుబాటుకు బారికేడ్లు కట్టిన పారిస్ యువకులకు ఇంత జనం దొరికి ఉంటే 1832లోనే పని అయిపోయేది.

ఈ నాటకాన్ని పన్నెండు కోట్ల మందికి పైగా చూశారని దాన్ని ఆడించేవాళ్ళు చెప్పుకుంటారు. చూసినవాళ్ళ మనసులు మారతాయనీ చెబుతారు. మారే ఉంటాయి. పన్నెండు కోట్ల మారిన మనసులు ఒకేసారి బయటికొస్తే కార్లు పార్కింగు నుంచి కదలడానికి గంటంబావు పట్టడం సహజమే.

మనవాళ్ళలో కొందరు మన పద్యనాటకం పేరెత్తితే ముక్కు చిట్లిస్తారు. చచ్చిపోయిన పాత్ర "ఒన్స్‌మోర్" అనగానే లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోతుంది, ఇదేం నాటకమండీ అని. నిజమే. ఆ రాత్రి ఫాంటీన్ కూడా మొదటి సగంలో చనిపోయి చివర్లో వచ్చి పాడింది, జనం లేచి నిలబడి మొక్కినంత పనిచేశారు. కాంట్రాక్టు నాటకాల్లో పడక సీనుకొక కృష్ణుడు, రాయబారానికొక కృష్ణుడు వచ్చేవాళ్ళు. అదీ వెటకారమే మనకు. 1995లో లండన్ ఆల్బర్ట్ హాల్లో ఈ నాటకానికి పదేళ్ళు నిండిన సందర్భంగా, ఆఖర్న 17 దేశాల నుంచి 17 మంది వాల్జాన్లు వచ్చి ఎవరి భాషలో వాళ్ళు తలొక ముక్క పాడారు. తెనాలి కాంట్రాక్టరుకు రెండో కృష్ణుడి బత్తా దగ్గరే బేరం తెగేది కాదు. వాళ్ళు పదిహేడుమందికీ టిక్కెట్లు పెట్టి రప్పించారు. మనం చేస్తే నాటు, వాళ్ళు చేస్తే చరిత్ర.

ఈ కథ మాకు కొత్త కూడా కాదు. 1950లోనే రామ్‌నాథ్ దర్శకత్వంలో 'బీదలపాట్లు' వచ్చింది, చిత్తూరు నాగయ్య వాల్జాన్ పాత్ర వేశాడు. అదే కథను తమిళంలో కూడా తీస్తే, అందులో పోలీసు వేషం కట్టిన సీతారామన్ బతికినన్నాళ్ళూ జావర్ సీతారామన్ అయిపోయాడు. మా అత్తగారు 'బీదలపాట్లు' సినిమాను నేల టిక్కెట్టులో చూసిందట. కొంగున వేరుశనక్కాయలు మూటకట్టుకెళ్ళింది, ఒలుస్తూ ఏడ్చింది, తొక్కలు అక్కడే వదిలేసి వచ్చింది. ఎవరూ కొంగు విప్పి చూడలేదు. ఇక నాగయ్య సంగతంటారా, లక్షలు సంపాదించి అడిగినవాడికల్లా పెట్టి, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా 1973లో పోయాడు. ఆయన బొమ్మతో కాఫీకప్పు ఎవరూ చెయ్యలేదు.

ఆఖరి పాట అయిపోయింది. అందరూ లేచారు. ఇక్కడ లేవడం ఇప్పుడు మెచ్చుకోలు కాదు, రివాజు. లేవకపోతే ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడవు. నేనూ లేచాను. ఎనిమిదింటికి తినాల్సింది పదిన్నరైంది, కళ్ళు తిరిగి మా ఆవిడ భుజం పట్టుకున్నాను. పక్కనున్నావిడ అది చూసి, ఈ ముసలాయన ఎంతగా కదిలిపోయాడో అన్నట్టు నా చెయ్యి నొక్కింది.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర జనం పలచబడ్డారు. ఆ కుర్రాడు ఇంకా ఉన్నాడు, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని. మమ్మల్ని చూసి బల్ల కింది నుంచి డబ్బా తీసి రెండు చేతులతో ఇచ్చాడు. తేలిగ్గా ఉంది. కడిగి ఉంది.

మా ఆవిడ మూత తియ్యలేదు. సంచీలో పెట్టుకుని, "కూరలో ఉప్పు సరిపోయిందా నాన్నా?" అని అడిగింది.

"సరిపోయింది ఆంటీ" అన్నాడు.