శ్రీ టూర్బియాన్ విజయము

కావ్యమన్నాక పురవర్ణన తప్పదు. సేన్ నది రెండు చేతులా కౌగిలించిన సితే ద్వీపం. ఆ ద్వీపపు అంచున గడియారపు రేవు. ఆ రేవులో, స్విట్జర్లాండులోని నౌషాతెల్‌లో పుట్టి పారిస్ చేరి, 1775లో గడియారాల దుకాణం తెరిచిన అబ్రహాం లూయీ బ్రెగే. ఆ అంగడి గర్భాన ఉదయించిన మహావీరుడే మన కథానాయకుడు టూర్బియాన్. ఆకారం చిటికెనవేలి గోరంత. ప్రతాపం బ్రహ్మాండమంత.

ఇక ప్రతినాయకుడు. పది తలల రావణుణ్ణి గుర్తుపట్టడానికి పది ముఖాలున్నాయి. ఇతడికి ఒక్కటీ లేదు. పేరు భూమ్యాకర్షణ. సప్తసముద్రాలను నేలకు అదిమి ఉంచేవాడు, చంద్రుణ్ణి తాడు లేకుండా కట్టి తిప్పుకునేవాడు. అంతటి మహాబలుడు, వేరే పనేమీ లేనట్టు, పెద్దమనుషుల కోటు జేబుల్లో దూరి గడియారాల మీద పడ్డాడు.

గడియారానికి గుండెకాయ బ్యాలెన్స్ చక్రం. హెయిర్‌స్ప్రింగ్ ఆసరాతో అటూ ఇటూ ఊగుతూ గంటకు 18,000 సార్లో, 21,600 సార్లో కాలాన్ని తరుగుతుంటుంది. చక్రం చుట్టూ బరువు సరిసమానంగా ఉండాలి. నరమాత్రుడు చేసిన చక్రం ఏదీ అంత సమంగా కుదరదు. జేబులోని గడియారం రోజంతా ఒకే తీరున నిలువుగా ఉంటుంది కాబట్టి, బరువు మొగ్గిన ఆ పక్కను పట్టుకుని శత్రువు గుంజుతాడు. ఆ పక్క కిందికుంటే నడక ఒక తీరు, పైకుంటే మరో తీరు. పొద్దుగూకేసరికి కొన్ని సెకన్లు హతం.

శత్రువును చంపడం అసాధ్యం. న్యూటన్ అంతటివాడు అతడి బలాన్ని లెక్కకట్టి ఊరుకున్నాడు. అందుకని బ్రెగే చక్రవ్యూహం పన్నాడు. బ్యాలెన్స్‌ను, హెయిర్‌స్ప్రింగ్‌ను, నడకను పన్ను పన్నుగా వదిలే ఎస్కేప్ వీల్‌ను ఒకే పంజరంలో ఎక్కించి, పంజరాన్నే తిప్పాడు. ఆ తిరిగే పంజరమే మన టూర్బియాన్. పంజరం అడుగున కదలని పళ్లచక్రం ఒకటి. ఎస్కేప్ వీల్ ఇరుసుకున్న చిన్న పళ్లచక్రం దాని పళ్లు పట్టుకుని చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. సాధారణంగా నిమిషానికొక ప్రదక్షిణ. శత్రువు ఒక పక్క దోచుకున్నది రెండో పక్క తిరిగేసరికి కక్కక తప్పదు. తప్పు పోలేదు, తప్పులే ఒకదాన్నొకటి మింగేశాయి!

1801 జూన్ 26న ఈ వ్యూహానికి పదేళ్ల పేటెంటు దక్కింది. ఫ్రాన్సుతో ఇంగ్లండు హోరాహోరీగా పోరాడుతున్న 1808లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి సైతం ఒక టూర్బియాన్ గడియారం కొన్నాడు. నెపోలియన్‌తో వైరం వేరు, భూమ్యాకర్షణతో వైరం వేరు.

నాయకుడి నఖశిఖ వర్ణన వినండి. అరవై డెబ్బై అవయవాలు, అన్నీ కలిపినా గ్రాముకు లోపే. ఇరుసులు తిరిగే చోట కెంపులు. ఉక్కు అంచులు నలభై ఐదు డిగ్రీలకు చెక్కి, జెన్షియన్ మొక్క కాడతో రుద్ది రుద్ది నునుపు తేలుస్తారు. పైభాగాన్ని తగరపు పలక మీద వజ్రపు ముద్ద వేసి సానపెడతారు. అటు వంచితే అద్దం, ఇటు వంచితే అమావాస్య. నడుమ ఒక ధూళికణం దూరిందా, గీత పడిందా, తపస్సు మళ్లీ మొదటికే.

ఇంత సంరంభం సాగుతుండగానే ఇరవయ్యో శతాబ్దంలో గడియారం జేబులోంచి మణికట్టుకెక్కింది. చెయ్యి క్షణానికొక దిక్కు తిరుగుతుంది గనుక వీరుడు చేయవలసిన పని చాలావరకు చెయ్యే చేసిపెట్టింది. వీరుడు మాత్రం కత్తి దించలేదు. 1920లో జర్మనీలోని గ్లాస్‌హ్యూట్‌లో ఆల్‌ఫ్రెడ్ హెల్విగ్ పంజరాన్ని పైనుంచి పట్టి ఉంచే వంతెన తీసేసి, ఒక్క కాలి మీద నిలబెట్టి తిప్పాడు. 1986లో ఒడెమార్ పిగే సంస్థ టైటానియం కవచం తొడిగింది. 2004లో గ్రూబెల్ ఫోర్సే సంస్థ పంజరంలో మరో పంజరాన్ని ముప్పై డిగ్రీలు వాల్చి బిగించింది. ఈలోగా, 1969 క్రిస్మస్ నాడు, సీకో వారి క్వార్ట్జ్ గడియారం వచ్చి యుద్ధాన్నే రద్దు చేసింది. ఫుట్‌పాత్ మీది క్వార్ట్జ్ వాచీ నెల మొత్తానికి తప్పే సెకన్లు, కోట్ల ఖరీదు చేసే మన వీరుడు కొద్ది రోజుల్లోనే తప్పగలడు.

బ్రెగే ఈ పంజరాన్ని యంత్రం లోపల దాచాడు, దానికి అక్కడ పని ఉంది కాబట్టి. ఇప్పటివాళ్లు డయల్‌కు కిటికీ కోసి మరీ చూపిస్తారు. శత్రువు రంగం వదిలి వెళ్లాక, వీరుడికి మిగిలింది ఊరేగింపే. ఆ ఊరేగింపు ఎంత ముచ్చటగా ఉంటుందంటే, చూసినవాడు టైమెంతైందో చూడడమే మరచిపోతాడు.

ఫలశ్రుతి: ఈ గాథ విన్నవారికి, చదివినవారికి, అప్పుచేసి ధరించినవారికి కీర్తి కలుగును. బస్సు అందునని మాత్రం హామీ లేదు.

ఇది శ్రీమద్బ్రెగేకరకమలసంజాత, నిమిషైకప్రదక్షిణాచార, వజ్రచూర్ణమార్జితాంగ, పరస్పరభక్షితదోషుడైన టూర్బియాన్ విజయమునందు సర్వము ఏకాశ్వాసము. ఆచంద్రతారార్కము తిరుగుగాక, రెండు మూడు రోజులకోసారి ఎవరైనా కీ ఇచ్చినచో.