దోసె వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: నానమ్మా, ఐ యామ్ హంగ్రీ. మేక్ మీ ఎ దోస.

అవతారిక: మూడో తరగతి వెలగబెడుతున్న మా మనవడు ఆదివారం పొద్దున్నే, అట్లకాడ పట్టుకుని నిలబడ్డ నానమ్మతో పలికినది.

ప్రతిపదార్థం: నానమ్మా = ఓ నానమ్మా; ఐ = నేను; యామ్ = ఉన్నాను; హంగ్రీ = ఆకలిగొన్నవాడనై; మేక్ = చేయుము; మీ = నన్ను గాని, నాకు గాని (తిరకాసంతా ఇక్కడే); ఎ = ఒకానొక; దోస = దోసెను. ఒకానొక అన్నాడు గదా అని ఒక్కదానితో ఊరుకుంటాడనుకోరాదు.

వ్యాఖ్య: యామ్‌కు కర్మ పట్టదు. హంగ్రీ ఎవరు? ఐ అన్నవాడే. కర్త సంగతి చెప్పి వాక్యాన్ని పూరిస్తుంది గనుక దీన్ని కాంప్లిమెంట్ అన్నారు. మెచ్చుకోలు కాంప్లిమెంట్ వేరు, దాని స్పెల్లింగులో నడుమ ఈ బదులు ఐ వస్తుంది. అది తనకు నలభై ఏళ్లుగా అందలేదని మా ఆవిడ ఫిర్యాదు. అప్రస్తుతం.

పూర్వపక్షం: ‘దే మేడ్ మీ మానిటర్’ అంటే నన్ను మానిటర్ని చేశారని గదా. క్రియ అదే, పదాల వరస అదే. అలాంటప్పుడు ‘నన్ను దోసెగా చేయుము’ అని ఎందుకు చెప్పుకోరాదు?

సమాధానం: మీ, మానిటర్ ఒక్క మనిషే. ‘ఐ యామ్ మానిటర్’ అన్నా పొసగుతుంది. కనుక మానిటర్ అన్నది కర్మకు కాంప్లిమెంట్. మీ, దోస అలా కావు. ఒకరు తినేవారు, ఒకటి తినబడేది. కనుక దోస ప్రత్యక్ష కర్మ, మీ పరోక్ష కర్మ. ఇంకా అనుమానముంటే తిరగేసి చూడాలి. ‘మేక్ ఎ దోస ఫర్ మీ’ చెల్లుతుంది. మానిటర్ని అలా తిరగేస్తే మాడిపోతాడు.

ఈ యాతన ఇంగ్లీషుకు మొదట్నుంచీ లేదు. వెయ్యేళ్ల కిందట ‘అతన్ని’కి హినె, ‘అతనికి’ హిమ్ అని వేర్వేరు మాటలుండేవి. హినె జారిపోయింది, హిమ్మే రెండు చాకిరీలూ చేస్తోంది. ఇప్పుడు ఏ మాట ఎక్కడ కూర్చుందో చూసి పని తేల్చుకోవాలి. మనకు నన్ను, నాకు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. ‘నాకు దోసె వెయ్యి’, ‘దోసె వెయ్యి నాకు’, ఎటు తిప్పినా పెనం మీద పడేది పిండే, పిల్లవాడు కాడు.

విశేషం: ‘ద దోస టేస్ట్స్ గుడ్’ అనేచోట దోసె దేన్నీ రుచి చూడటం లేదు. టేస్ట్స్ ఇక్కడ యామ్‌కు చుట్టం, గుడ్ కాంప్లిమెంట్. అదే క్రియతో నానమ్మ చట్నీ రుచి చూస్తే చట్నీ కర్మ. గుడ్ కొట్టేసి వెల్ అని దిద్దిన మాష్టారొకరిని చిన్నప్పుడు ఎరుగుదును. ఆయన దోసెకు నాలుక మొలిపించారు.

తాత్పర్యం: ఆకలేస్తోంది, దోసె వెయ్యి. తెలుగులో ఆకలీ వేస్తుంది, దోసే వేస్తాం. వేయు ధాతువు మీద మరో నాలుగు పుటలు రాయవచ్చు గానీ, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి గుర్తొచ్చి ఆగాను.

అనుబంధ మూలం: వన్ మోర్!

వ్యాఖ్య: కర్త లేదు, క్రియ లేదు, అధ్యాహారం చేసుకోవాలి. మా ఆవిడ చేసుకుని, గరిటెడు పిండి తీసింది.