బాయి మీది ఫోను ఆత్మకథ

నా వంశము నోకియా. నా పేరు ఆశా 303. 2011వ సంవత్సరము అక్టోబరు మాసమున లండను నగరమున జరిగిన మా సంస్థ సభలో 200, 201, 300 అను సంఖ్యలు గల తోబుట్టువులతో కూడ నేను లోకమునకు పరిచయమైతిని. నా శరీరము రెండు యుగముల సంధికాలమున నిర్మితమైనది: పైభాగమున వ్రేలి స్పర్శను గ్రహించు 2.6 అంగుళముల గాజుతెర, క్రిందిభాగమున నాలుగు వరుసల మీటల పలక. 2007లో ఐఫోను వెలువడిన పిమ్మట, మీటలు లేని నునుపైన గాజుఫలకమే ఫోనునకు పరమరూపమని జనులు నమ్మసాగిరి. అట్టి దినములలో చూచుటకు తెరయు, వ్రాయుటకు మీటలును వేఱువేఱుగ ఉండుటయే మేలని తలంచినవారు నన్ను రూపొందించిరి. ఆ తలంపులోని మంచిచెడ్డలను పరీక్షకులు పలువురు వేగము, కెమెరా, వెల అను లెక్కలతో నిర్ణయించిరి. ఆ లెక్కలను నేను కాదనను. నా యోగ్యతను నిజముగ పరీక్షించినది మాత్రము సింగరేణి బొగ్గుగని కార్మికుని కుడిచేతి బొటనవ్రేలు.

నన్ను కొన్నవాడు రామగిరి మండలమున సెంటినరీ కాలనీ క్వార్టర్లలో నివసించు ఒక సపోర్ట్‌మన్. భూగర్భమున బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండ రూఫ్‌బోల్టులు బిగించుట, ఆసరాలు నిలుపుట ఆయన వృత్తి. 1889లో ఇల్లెందు నేలలో మొదలైన బొగ్గుత్రవ్వకమునకు నూఱేండ్లు నిండిన గుర్తుగ పేరు ధరించిన ఆ కాలనీకి దాపుననే, ఓషధులకై వైద్యవిద్యార్థులు వెదకికొనుచు వచ్చు రామగిరి ఖిల్లా కొండ కలదు. 2012 దసరాకు సింగరేణి లాభాల వాటా చేతికందిన పిదప ఆయన మేనల్లుని వెంటబెట్టుకొని గోదావరిఖని లక్ష్మీనగరునకు వచ్చి, దుకాణపు గాజుబల్ల మీద నన్ను చూచెను.

మేనల్లుడు నన్ను ఎత్తి ఫొటో తీసి, పాట మ్రోగించి, ఒక గిగాహెర్ట్జ్ వేగమని దుకాణదారుడు చెప్పిన మాటను తలయూపి విని, “మామా, కెమెరా 3.2 మెగాపిక్సెలే గని పర్వాలే” అని తీర్పు చెప్పెను. మామ ఏమియు అనక నన్ను చేతిలోనికి తీసికొనెను. ఆ వ్రేలిని నేను ఇప్పటికిని చూచుచున్నట్లే యున్నది. గోరు అంచున ఎంత తోమినను వదలని సన్నని నల్లగీత, కొనయందు ఎండి బీటలు వాఱిన చర్మము, దానిక్రింద స్పానరు పట్టిపట్టి గట్టిపడిన కాయ. ఆ వ్రేలు నా తెరపై మోపగా తెర పలుకలేదు. మరల మోపగా పలికెను. మూడవమాఱు కోరినదానిని విడిచి ప్రక్కదానిని తెఱచెను. అప్పుడాయన నా మీటల మీదికి దిగి ఒకదానిని అదిమెను. మీట లోనికి పోయి పైకి వచ్చినట్లు ఆయన వ్రేలికి తెలిసినది, అక్షరము తెరపై నిలిచినది. “గిది మంచిగున్నది. ఇయ్యి” అని ఆయన దుకాణదారునితో అనెను.

దీనిలో రహస్యమేమియు లేదు. నా తెర బరువును ఎఱుగదు, ఒత్తిడిని ఎఱుగదు. దానిపై పఱచిన అతిస్వల్ప విద్యుదావేశములో చర్మము వంటి విద్యుద్వాహకము తెచ్చు మార్పును మాత్రమే గ్రహించును. తేమ గల మెత్తని వ్రేలు ఆ మార్పును సులభముగ కలిగించును. కాయగాచి ఎండిన వ్రేలు చాలినంత కలిగించదు. చెమటతో తడిసినచో ఎక్కడ తాకినదో తెరకు స్పష్టపడదు. మీటకో, చర్మముతో పనిలేదు. అదిమినచో అడుగున రెండు లోహములు కలియును, అంతే. కాఠిన్యమునే జీవనోపాధిగ గల చేతులకు ఈ భేదము అల్పమైనది కాదు. వ్రేళ్ల మార్దవమును ముందుగనే ఊహించుకొని నిర్మించిన యంత్రములను పరిపూర్ణములని ఎట్లు పొగడుదురో నాకు నేటికిని బోధపడదు.

ఇక నా నిత్యజీవనము. ఆయన పని చేయు తావునకు నేను ఎన్నడును పోలేదు. పోరాదు కూడ. బొగ్గుపొరలలో ఇమిడియుండు మీథేను వాయువు గాలిలో 5 మొదలు 15 శాతము వరకు కలిసినపుడు ఒక్క నిప్పురవ్వతో ప్రేలగలదు గనుక, అగ్గిపెట్టె, బీడీలతోపాటు మావంటి వస్తువులు సైతము భూగర్భమున నిషిద్ధములు. మస్టరులో హాజరు పడి, ల్యాంప్‌రూములో క్యాప్‌ల్యాంపు తీసికొని, తనిఖీ చేయువాడు ఒడలు తడిమిన పిమ్మట ఆయన దిగిపోవును. లోపలివారికి తీగల టెలిఫోనులు కలవు. బొగ్గు తొట్లను లాగు హాలేజీ తాడు నడుచుచోట గంటల సంకేతములు కలవు. కదలుచుండగ ఒక్క గంట మ్రోగినచో నిలుపుమని అర్థము. ఆ గంట ఎంత పొదుపైన సందేశము! నేను మాత్రము బాయి మీద, అనగా గనికి పైన నేలమీద, సంచిలోని అన్నపుగిన్నె ప్రక్క, ఆయన వచ్చు దాక ఉందును.

ఇచ్చటనే నా అసలు పని ఆరంభమగును. ఒక మనిషి షిఫ్టు పొడుగున ఎవ్వరికిని దొరకకుండ పోవు ఊరిలో, మాట ఎంత త్వరగ చేరునన్నది ముఖ్యము కాదు. చేరినది చెడకుండ నిలుచునా యన్నదే ముఖ్యము. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు నిద్రించును. కాలనీలో ఏ క్వార్టరు కిటికీకి దుప్పటి కట్టియున్నదో చూచి పిల్లలు గొంతు తగ్గించి ఆడుకొందురు. అట్టి ఇంటిలో ఫోను మ్రోగుట అపచారము. సందేశమో, లేచువఱకు ఎవరిని లేపకుండ ఉండును. ఆయన కూతురు గోదావరి ఎగువన, బాసరలో 2008లో నెలకొన్న ట్రిపుల్ ఐటీలో చదువుచుండెను. ఆమె దినచర్య వేఱు, ఆయన షిఫ్టులు వారము వారము మాఱునవి. ఇరువురికి నడుమ నేనే మాటనైతిని. “బాపూ, తిన్నవా? ఈ వారం ఏం షిఫ్ట్?” అని ఆమె. “సెకన్ షిఫ్ట్. తిన్న. పైలం బిడ్డా” అని ఆయన. ఆ నాలుగు ముక్కలు వ్రాయుటకు ఆయన ప్రతి మీటను కంటితో వెదకి, కనుగొన్న పిమ్మట ఒక్క క్షణమాగి, గట్టిగ అదిమెడివాడు.

నా మీటలపై తెలుగు అక్షరములు లేవు. అందుచే మా తెలుగు ఇంగ్లీషు లిపిలో నడిచెను. 1992 డిసెంబరు 3న ఇంగ్లండున నీల్ పాప్‌వర్త్ అను ఇంజనీరు క్రిస్మసు శుభాకాంక్షలు పంపినది మొదలు ఈ పొట్టి సందేశమునకు విధించిన హద్దు 160 అక్షరములు. అది రోమను లిపికే. తెలుగులో వ్రాసినచో ఒక సందేశమున 70 సంకేతములే పట్టును. అందును గుడులు, ఏత్వములు, సున్నలు విడివిడిగ లెక్కకు వచ్చును: సింగరేణి యని కంటికి నాలుగే అక్షరములుగ కనిపించునది యంత్రమునకు ఎనిమిది. తన మాతృభాషలో వ్రాయువాడు ఒక్క మాటకు రెండు సందేశముల రుసుము చెల్లించుట న్యాయమని నేను ఒప్పుకొనను. పైగా దసరా, దీపావళి, నూతన సంవత్సరము వంటి పండుగలనాడు సందేశముల ప్యాకులు చెల్లవనియు, పూర్తి రుసుము పడుననియు కంపెనీలు ముందుగ తెలియజేయుచుండెను. అయినను 2014 జూన్ 2న తెలంగాణ అవతరించిన రాత్రి వచ్చినన్ని సందేశములు నా కడుపులో మఱి ఎన్నడును నిండలేదు.

ఒక దినపు సంగతి చెప్పవలెను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మరణించిన నాటి దుఃఖము ఈ ప్రాంతపు ఇండ్లలో ఇంకను ఆఱలేదు. అప్పటికి ఈ ఇంట ఫోను లేదు. చిన్నదైన బిడ్డను ఎత్తుకొని తల్లి రోడ్డు మీద నిలిచి వచ్చిపోవువారిని అడిగినదట. నేను వచ్చిన పిమ్మట ఒకనాడు, ఆయన ఫస్ట్ షిఫ్టులో లోపల నుండగ, ప్రక్కనున్న ఇంక్లైను గనిలో పైకప్పు పడినదని వార్త పుట్టెను. క్షణములలో కాలనీలోని ఫోనులన్నియు ఒకేమాఱు మ్రోగసాగెను. కాల్ కలియుట దుర్లభమయ్యెను. అప్పుడు కూడ సందేశములు చేరుచునే యుండెను. ఏలయన పొట్టి సందేశము మాటలు నడచు దారిన గాక, కాల్ కలుపుటకై యంత్రములు తమలో తాము పలుకుకొను ఇఱుకైన దారిన పోవును. దారి దొరకనిచో కేంద్రమున ఆగి, దొరకినపుడు కదలును. సంచిలో నేను వణకుచునే యుంటిని. “బాపూ, ఏడున్నవ్?” అనునది మొదటిది. తరువాతివన్నియు “బాపూ” అని మాత్రమే. షిఫ్టు దిగి ఆయన పైకి వచ్చి, చేతులైన కడుగుకొనక, బొగ్గుపొడి నిండిన ఆ బొటనవ్రేలితో “మంచిగున్న” అని వ్రాసి పంపెను. నా తెర ఆ వ్రేలిని ఎఱిగెడిది కాదు. నా మీటలు ఎఱిగినవి. ఎవరికి ఏమియు కాలేదని సాయంకాలమునకు తెలిసెను.

పిమ్మటి చరిత్ర త్వరగ చెప్పుదును. వాట్సాప్ నాయందును పనిచేసెను. యూనియను గ్రూపులు, పెండ్లి ఫొటోలు, కూతురి కాన్వొకేషన్ చిత్రము నా చిన్న తెరపైననే ఆయన చూచెను. 2014 నవంబరు 1న, ఎనిమిదేండ్లు మా వంశపు ఫోనులను వేలమంది యువతుల చేతులు కూర్చిన శ్రీపెరుంబుదూరు కర్మాగారము ఆగిపోయెను. 2018 డిసెంబరు 31తో నావంటి యంత్రములకు వాట్సాప్ సెలవు చెప్పెను. అల్లుడు పెద్ద గాజుఫోను తెచ్చి ఇచ్చెను. దానితో ఆయన వ్రాయడు. మైకు గుర్తును పట్టుకొని మాటాడి పంపును. బహు సౌకర్యమైన పద్ధతియే. కాని ఆ మాటలు ప్రక్కనున్న వారందఱు విందురు; కూతురు ఆఫీసులో మీటింగున నున్నపుడు వినజాలదు.

హైదరాబాదున ఇంజనీరైన ఆ కూతురు మొన్న దసరాకు వచ్చినపుడు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి, “నిజం చెప్పు బాపూ, ఏది మంచిగున్నది?” అని అడిగెను. ఆయన కొంతసేపు రెండింటిని చేత తూచి చూచెను. “బొమ్మలు జూసేతందుకు గిదే బిడ్డా. నీకు రాసేతందుకైతే గదే” అని నన్ను చూపెను. నా బ్యాటరీ ఇప్పుడు పూట యైనను నిలువదు; గోదావరిఖని చౌరస్తాలోని మరమ్మతు దుకాణపువాడు పాత పెట్టెలు వెదకి ఇంకొకటి ఇచ్చెదనని చెప్పియున్నాడు. వచ్చే ఆదివారము మేమిరువురము అక్కడికి పోవలసియున్నది.