తుడిస్తే పోయే గోడ

మా హాల్లో ఒక గోడ ఉంది. ఏం రాసినా తుడిస్తే పోతుందని చెప్పి నేనే దానికి ఆ రంగు వేయించాను. మూడు నెలలైంది. ఇంతవరకు దాని మీంచి పోయినవి రెండే. ఒకటి, చెరగని సిరాతో రాసింది. రెండోది, రెండు పెట్టెలతో సహా ఒక రైలింజను.

దీనికంతటికీ మూలం మా ఆఫీసు. అక్కడ మీటింగు గదిలో బోర్డు ఉండదు, గోడంతా బోర్డే. ఎవరికి ఆలోచన వచ్చినా లేచి వెళ్ళి నాలుగు డబ్బాలు గీసి, వాటిని బాణాలతో కలుపుతారు. సాయంత్రం తుడిచేస్తారు. ఆలోచన కూడా దాంతోపాటే పోతుంది, అది వేరే సంగతి. నాకు ఆ తుడవడం నచ్చింది. మా ఇంట్లో పాల లెక్క ఫ్రిజ్ తలుపు మీద, ప్లంబరు నంబరు క్యాలెండర్ మీద, మావాడి ఎక్కాలు సోఫా వెనక ఉంటాయి. అన్నిటినీ ఒకే గోడకు ఎక్కిస్తే సంసారం దారిలో పడుతుందనుకున్నాను.

గోడ మీద రాయడం మనకేం కొత్త కాదు. మా ఊళ్ళో వంటింటి గుమ్మం పక్క గోడే పద్దుల పుస్తకం. పాలు పోస్తే బొగ్గుతో ఒక గీత, నాగా పెడితే ఒక సున్నా. చాకలి పద్దు, పక్కింటికి బదులిచ్చిన బియ్యం, గేదె ఈనిన తారీఖు, అన్నీ అక్కడే. సంక్రాంతికి సున్నం కొడితే ఏడాది చరిత్రంతా తెల్లబడిపోయేది. బదులు తీర్చనివాళ్ళు పండగ కన్నా ఆ సున్నం కోసమే ఎక్కువ ఎదురుచూసేవాళ్ళని మా నానమ్మకు గట్టి అనుమానం. 1990ల్లో ‘ఓ స్త్రీ రేపు రా’ అని గోడ మీద రాస్తే దయ్యం వచ్చి, చదువుకుని, వెనక్కి వెళ్ళిపోయేదనేవాళ్ళు. రాసింది చదివి, చెప్పిన మాట విన్న పాఠకులు తెలుగులో ఆ తర్వాత నాకు తగల్లేదు.

సరే, రంగు. ఇది రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో రంగు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. రెండూ కలిపాక సుమారు గంటలోపు గోడకెక్కాలి. ఎక్కలేదా, డబ్బాలోనే రాయి. ఒక జత 50 చదరపు అడుగులకు వస్తుందని పైన రాసి ఉంది. ధర మీకు చెప్పను, ఇంట్లోనే చెప్పలేదు. చిన్నప్పుడు మా బళ్ళో నల్లబల్లకు బొగ్గూ గుంటగలగరాకూ నూరి పట్టించడం పిల్లల పని. పైసా ఖర్చుండేది కాదు. చేతులు మాత్రం వారం దాకా నల్లగా ఉండేవి.

గోడ అద్దంలా ఉండాలట. ఎక్కడ చిన్న గుంట ఉంటే అక్కడ సిరా కాపురం పెడుతుంది. మా గోడేమో దగ్గరికెళ్ళి చూస్తే చందమామ ఫొటో. పెయింటరు రెండుసార్లు లప్పం పట్టి, సాండ్‌పేపర్ కొట్టి, ప్రైమర్ వేశాడు. ఆ రెండు రోజులూ కందిపొడికీ లప్పం పొడికీ తేడా తెలియకుండా తిన్నాం. మూడోరోజు పొద్దున రెండు డబ్బాలూ కలిపాడు, కర్రతో శ్రద్ధగా తిప్పాడు, అందులో రోలరు ముంచాడు. ముంచి, “చాయ్ తాగొస్త సార్” అన్నాడు.

“గంటే టైముందయ్యా!”

“రంగు యాడికి పోతది సార్? ఇరవై ఏండ్ల సంది చేస్తున్న.”

నిజంగానే రంగు ఎక్కడికీ పోలేదు. చాయ్‌లో ఏ రాజకీయాలు కలిశాయో, అతను తిరిగొచ్చి రోలరు పట్టుకుని లేపితే డబ్బా కూడా లేచింది. రెండో జత కొన్నాను. దాని ధర నాకు నేనే చెప్పుకోలేదు. ఈసారి చాయ్ ఫ్లాస్కులో పోసి గోడ పక్కనే పెట్టాను.

వేశాక ఏడు రోజులు ముట్టుకోకూడదు. “పురిటి గదికి కూడా ఇంత మడి లేదురా” అంది అమ్మ. ఎనిమిదో రోజు పెన్ను మూత తీశానో లేదో, “ఆగరా, ఇవాళ మంగళవారం” అంది. బుధవారం పొద్దున స్నానం చేసి వచ్చి, గోడ నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టి, పైన నడిమధ్యన ‘శ్రీరామ’ అని తనే రాసింది. 78 ఏళ్ళ చెయ్యి కొంచెం వణికినా, ఒకప్పటి ఇన్‌లాండ్ లెటర్ మీద ఎంత అందంగా రాసేదో అంత అందంగానే వచ్చింది.

కథ అక్కడే అడ్డం తిరిగింది. శ్రీరామను ఎవరు తుడుస్తారు? ఈ తుడిచే పెన్నుల సిరాను 1970ల్లో తయారుచేసిన జెర్రీ వుల్ఫ్ ఎన్నో ఆలోచించి ఉంటాడు గానీ ఇది ఆలోచించి ఉండడు. తుడవకూడనిది ఒకటుంటే దాని కిందివాటికీ ధైర్యం వస్తుంది.

నేను ఆఫీసులోలాగే గోడను మూడు భాగాలు చేశాను. చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి. మా ఆవిడ పెన్ను లాక్కుని మొదటి భాగంలో గీజరు, కర్టెన్ రాడ్డు, ఎల్‌ఐసీ ప్రీమియం, బాల్కనీకి పావురాల వల అంటూ పదకొండు రాసింది. పదకొండింటి పక్కనా నా పేరులో మొదటి అక్షరం. ‘అయినవి’ కింద ఈ రోజుకీ ఒక్కటే ఉంది: గోడకు రంగు. కనీసం రెండు తుడిచేద్దామని గుడ్డ తీస్తే, “పని చేసి తుడవండి” అంటుంది.

మా ఆవిడ ఒక మూల పనావిడ నాగాలు కూడా రాయడం మొదలుపెట్టింది. పనావిడ వారం రోజులు ఓపిగ్గా చూసి, తనూ పెన్ను తీసుకుని పక్కనే ఒక గడి గీసి ఐదు గీతలు పెట్టింది.

“ఇవేంటి?” అంది మా ఆవిడ.

“మీ ఇంటికి సుట్టాలొచ్చిన దినాలమ్మా. బోళ్ళు డబుల్ పడ్డయ్.”

నెలాఖరుకు లెక్క సరికి సరి. ఇప్పుడు ఒకరి గడి ఒకరు ముట్టుకోరు.

మావాడు ఏడో తరగతి. వాడు అన్నిటికన్నా కిందన లావుపాటి అక్షరాల్లో ‘నాన్న రోజుకు 5 గంటలు ఫోన్ చూస్తాడు’ అని రాశాడు. రాసింది పర్మనెంట్ మార్కరుతో. సాయంత్రం మా బావమరిది వాళ్ళు వస్తున్నారు. నేను నా ఉద్యోగంలో కూడా అంత శ్రద్ధగా పరిశోధన చేయలేదు. తేలిందేమిటంటే, తుడిచే సిరాలో రంగూ ఆల్కహాలుతో పాటు కొంచెం జిడ్డు కలుపుతారు. ఆల్కహాలు ఆరిపోతే రంగు ఆ జిడ్డు మీద అంటీ అంటనట్టు కూర్చుంటుంది. నూనె రాసిన పెనం మీద దోశలాగ. పర్మనెంటులో జిడ్డు బదులు జిగురుంటుంది, అది పెనానికి అతుక్కుపోయిన దోశ. ఉపాయం ఏమిటయ్యా అంటే, దాని మీద మామూలు బోర్డు పెన్నుతో దట్టంగా రుద్ది, ఆరకముందే తుడవాలి. కొత్త ఆల్కహాలు పాత జిగురును కరిగిస్తుంది, జిడ్డు రెండు దోశల్నీ కలిపి లేపుతుంది. లేచింది. చెరగదన్నది చెరిగింది, నా పరువు దక్కింది. మా బావమరిది మాత్రం వచ్చీ రాగానే మావాణ్ణి అడిగి తెలుసుకున్నాడు.

మొన్న ఎవరూ చూడకుండా గీజరును తుడిచి చూశాను. రాత పోయింది, నీడ మిగిలింది. ఎక్కువ రోజులుంచితే జిడ్డు ఆరిపోయి మరక నిలుస్తుందట. ఈ నీడను ఘోస్టింగ్ అంటారు. దయ్యమన్నమాట. మా చిన్నప్పుడు రేపు రమ్మన్నది ఇదేనేమో, వచ్చింది. మా ఆవిడ ఆ నీడ మీదే మళ్ళీ దిద్దింది.

ఇక రైలు. దసరాకు మా చెల్లెలు కొడుకును తీసుకుని వచ్చింది. వాడికి ఐదేళ్ళు. “మామయ్యా, నిజంగా గోడ మీద రాయొచ్చా?” అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ రాయొచ్చన్నాను. చెప్పడం మరిచిందల్లా, ఆ రంగు ఎక్కడ ముగుస్తుందో. ఇదీ తెలుపే, పక్క గోడా తెలుపే, ట్యూబులైటు వెలుగులో కాస్త మెరిస్తే ఇది, మెరవకపోతే అది. వాడు శ్రీరామ కింద ఇంజను మొదలుపెట్టి, మూల తిరిగి, టీవీ దాటి, వంటింటి గుమ్మం దాకా నడిపాడు. మొత్తం పదకొండు పెట్టెలు. పొగ కూడా వదిలాడు.

“ఏం కంగారు పడకన్నయ్యా, తుడిస్తే పోతుందన్నావుగా” అంటూ మా చెల్లెలు గుడ్డ తీసుకుంది. ఇంజనూ, రెండు పెట్టెలూ చిటికెలో పోయాయి. తొమ్మిది పెట్టెలు హాల్లోనే ఆగిపోయాయి. బోర్డు పెన్ను పైన రుద్ది తుడిచే నా ఉపాయం వాటి మీద ప్రయోగిస్తే, మామూలు గోడ రంగు సిరాను ఇంకా పీల్చుకుని, గూడ్సు బండి బొగ్గు బండి అయింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. పెన్ను మూత తీసి ‘చేయాల్సినవి’ కింద పన్నెండోది రాసింది: హాలుకు రంగు. పక్కన నా అక్షరం.