పరీక్ష మనకు, పాసు వాళ్లకు

అమెరికా పౌరసత్వ పరీక్షలో ఒక ప్రశ్న ఉంది. ‘చట్టబద్ధ పాలన అంటే ఏమిటి?’ ఒప్పుకునే జవాబుల్లో ఒకటి: చట్టానికి ఎవరూ అతీతులు కారు. ఆ జవాబు చెబితే మార్కు పడుతుంది. చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోవడం మాత్రం మీ బాధ్యత.

నవ్వు ఎందుకంటారా? ఆ పరీక్ష పెట్టే ప్రభుత్వానికి పెద్ద ఎవరో మరిచారా? 2024 మేలో న్యూయార్క్ జ్యూరీ 34 అభియోగాల్లో దోషిగా తేల్చిన డోనాల్డ్ ట్రంప్. 2025 జనవరి 10న జడ్జిగారు శిక్షంటూ ఏమీ వేయకుండా వదిలేశారు. సరిగ్గా పది రోజులకు ఆయన అధ్యక్ష పీఠం ఎక్కారు. ఎక్కిన రోజే, 2021లో క్యాపిటల్ భవనం మీద దాడి చేసిన కేసుల్లో ఇరుక్కున్న సుమారు 1,500 మందికి క్షమాభిక్ష రాసిచ్చారు. చట్టానికి ఎవరూ అతీతులు కారట. రాసుకోండి, మార్కు వస్తుంది.

ఇక దరఖాస్తుదారు సంగతి. ఫీజు 760 డాలర్లు, ఆన్‌లైన్‌లో అయితే 710. ఫారం నిండా ఆరాలు. ఎప్పుడైనా అరెస్టయ్యారా? పన్ను ఎగ్గొట్టారా? నేరం చేసి కూడా అరెస్టు కాకుండా తప్పించుకున్నారా? ఈ చివరి ప్రశ్న నిజంగానే ఉంది. దీనికి ‘అవునండీ, రెండుసార్లు’ అని రాసే మహానుభావుడు ఎక్కడైనా ఉంటాడా? అదీ చాలక 2025 ఆగస్టులో పాత దుమ్ము దులిపి ఇంకో పద్ధతి బయటికి తీశారు. 1991 నుంచి మూలన పడి ఉన్న ఇరుగుపొరుగు విచారణ. మీరు ఎలాంటివారో పక్కింటివాళ్లనీ, పనిచేసేచోటివాళ్లనీ అడగవచ్చట. సత్ప్రవర్తన కావాలి మరి! అక్టోబరు 20 నుంచి పరీక్ష కూడా బరువెక్కింది. అంతకుముందు 100 ప్రశ్నలు చదువుకుంటే పది అడిగేవాళ్లు, ఆరు చెబితే చాలు. ఇప్పుడు 128 చదవాలి, 20 అడుగుతారు, 12 చెప్పాలి. పదవుల్లో ఉన్నవాళ్లకు ఇదే ప్రశ్నపత్రం ఇచ్చి గదిలో కూర్చోబెడితే ఎంతమంది గట్టెక్కుతారు? ఆ ప్రయోగం ఎవరూ చేయరు. చేయనివ్వరు.

పరీక్ష పాసయ్యారు. ఇంటర్వ్యూ పాసయ్యారు. వేలిముద్రలిచ్చారు. ప్రమాణానికి రమ్మని ఉత్తరం వచ్చింది. ఇక అయిపోయినట్టేనా?

బోస్టన్‌లో ఫాన్యుల్ హాల్ అని ఒక పాత భవనం ఉంది. బ్రిటిష్ వాడి పన్నుల మీద అమెరికన్లు గొంతు చించుకున్న చోటు. స్వేచ్ఛకు ఉయ్యాల అని దానికి పేరు. 2025 డిసెంబరు 4న అక్కడ పౌరసత్వ ప్రమాణం జరగాలి. అన్ని అనుమతులూ వచ్చినవాళ్లు వరుసలో నిలబడ్డారు. అధికారులు వచ్చి ఒక్కొక్కరినీ అడిగారు: ఏ దేశం? జవాబులో ప్రయాణ ఆంక్షలు పెట్టిన 19 దేశాల జాబితాలోని పేరు వినిపిస్తే చాలు, పక్కకు రమ్మన్నారు. హైతీ నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషిని ఆ హాలు ముందు నుంచే తిప్పి పంపారు. ఆమె చేసిన తప్పేమిటి? ఎవరో అఫ్గాన్ దేశస్థుడు వాషింగ్టన్‌లో ఇద్దరు నేషనల్ గార్డు సైనికుల మీద కాల్పులు జరిపాడు. అంతకుముందు వారం. వేరే ఊళ్లో. వేరే దేశపు మనిషి. ఆ కాల్పులకూ హైతీ ఆడమనిషికీ ఏమిటయ్యా సంబంధం? ఉంది. ఇద్దరూ పుట్టడమే తప్పు దేశంలో పుట్టారు.

ఆ ప్రమాణంలో ఏముంటుందో తెలుసా? విదేశీ రాజులకూ, ప్రభువులకూ, రాజ్యాలకూ ఉన్న విధేయతను పూర్తిగా వదులుకుంటున్నాను అని చెయ్యెత్తి చెప్పాలి. నర్సు చెప్పాలి. టాక్సీ డ్రైవరు చెప్పాలి. కూకట్‌పల్లి నుంచి వెళ్లిన ఇంజినీరు చెప్పాలి. ఖతార్ పాలకులు 2025లో ఇస్తామన్న బోయింగ్ 747 విమానాన్ని మాత్రం అమెరికా అధ్యక్షుడి కోసం నిక్షేపంలా పుచ్చుకున్నారు. విలువ సుమారు 40 కోట్ల డాలర్లు. విదేశీ రాజులను వదులుకోవాల్సింది మీరు. వాళ్ల విమానాలు ఎక్కాల్సింది వారు.

సరే, పరీక్షలూ ప్రమాణాలూ ఎందుకు, దగ్గరి దారి లేదా? లేకేం! 2025 సెప్టెంబరు 19న శ్వేతసౌధంలో ఒకే రోజు రెండు సంతకాలు పడ్డాయి. ఒకటి హెచ్‌-1బీ కొత్త దరఖాస్తు మీద లక్ష డాలర్ల వాత. రెండోది గోల్డ్ కార్డు. అమెరికా ప్రభుత్వానికి పది లక్షల డాలర్లు ‘కానుక’గా ఇస్తే శాశ్వత నివాసానికి దారి తీస్తారు, ఆ మీదట పౌరసత్వానికీ దారి ఉంటుంది. కార్డు మీద ట్రంప్ గారి బొమ్మ కూడా. ఇందులో గొప్ప కామెడీ ఎక్కడుందంటే, చట్టంలో ‘కానుకిచ్చినవాళ్ల కోటా’ అని ఏదీ లేదు. అందుకని ఆ కానుకనే మీ అసాధారణ ప్రతిభకు రుజువుగా లెక్కేసుకోమని అధికారులకు చెప్పారు. అంటే పాతికేళ్లు ప్రయోగశాలలో చూపు పోగొట్టుకున్న శాస్త్రవేత్తకూ, చెక్కు రాయగల చెయ్యి ఉన్న పెద్దమనిషికీ అదే కిటికీ. చెక్కు రాయడం కూడా ఒక కళే మరి.

చెక్కు రాయలేనివాళ్ల సంగతి? వాళ్లకు వరుస ఉంది. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఏడాదికిచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లలు కూడా అందులోనే. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ ఏడు శాతం దాటకూడదు. నాలుగు లక్షల జనాభా లేని ఐస్‌లాండ్‌కూ అదే హద్దు, 140 కోట్ల భారత్‌కూ అదే హద్దు. సమానత్వం అంటే ఇదీ! ఫలితం? 2025 చివర్లో ఈబీ-2 (పై చదువులవాళ్ల కోటా) కింద భారతీయుల్లో 2013లో వరుసలో నిలబడ్డవాళ్ల వంతు నడిచింది. ఆ ఏడాది చంకనెత్తుకుని తీసుకెళ్లిన బిడ్డకు ఇప్పుడు మీసాలొస్తున్నాయి. ఆ బిడ్డకు 21 నిండేలోపు తండ్రికి కార్డు రాకపోతే, ఆ తండ్రి వీసా నీడ నుంచి కూడా బయటికి నెట్టేస్తారు. ఆ దేశపు జెండాకు వందనం చేస్తూ ఒకటో తరగతి నుంచి చదివిన కుర్రాడు, చివరికి విదేశీ విద్యార్థి వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ దేశానికి విదేశీ? వాడికి తెలిసిన ఒకే ఒక్క దేశానికి.

ఇదంతా దేశాన్ని కాపాడుకోవడానికే అంటారు. ఎవరినుంచి? కాస్త ఆ ఇంటి చరిత్రే తిరగేద్దాం.

జర్మనీలో కాల్‌స్టట్ అని ఒక ఊరు. ద్రాక్షతోటల పల్లెటూరు. అక్కడి నుంచి 1885లో ఫ్రెడరిక్ అనే పదహారేళ్ల కుర్రాడు అమెరికా ఓడెక్కాడు. ఏ ప్రతిభా పరీక్షా లేదు, ఏడు శాతం హద్దూ లేదు. 1892లో అమెరికా పౌరుడైపోయాడు. నాలుగు డబ్బులు వెనకేశాడు. సొంతూరు పిల్లను పెళ్లాడాడు. ఆమెకు ఇంటి మీద బెంగ. సరే, తిరిగొచ్చి ఊళ్లోనే ఉంటామని, అప్పట్లో ఆ ఊరిని ఏలిన బవేరియా ప్రభుత్వాన్ని అడిగాడు. అధికారులు లెక్కలు తీశారు. సైన్యంలో చేరాల్సిన వయసులో చెక్కేసినట్టు తేల్చారు. నీకిక్కడ చోటు లేదు, వెళ్లిపో అన్నారు. ఫ్రెడరిక్ కాళ్లబేరానికొచ్చాడు. బవేరియా పాలకుడు ప్రిన్స్ లూయిట్‌పోల్డ్‌కు స్వయంగా అర్జీ రాసుకున్నాడు. మహాప్రభో, పెళ్లాం బిడ్డలున్నవాణ్ణి, వెళ్లగొట్టకండి అని. ప్రభువు కరగలేదు. 1905లో మూటాముల్లె సర్దుకుని మళ్లీ ఓడెక్కారు. అప్పటికి భార్య గర్భవతి. ఆ బిడ్డ అదే ఏడాది న్యూయార్క్‌లో పుట్టాడు. పేరు ఫ్రెడ్ ట్రంప్. ప్రస్తుత అధ్యక్షుడి కన్నతండ్రి.

చూశారుగా? బహిష్కరణ నోటీసు అందుకున్న తాత. దయ చూపమని విదేశీ ప్రభువుకు అర్జీ పెట్టిన తాత. ఆ తాతకు మనవడు. ఇవాళ అదే అర్జీ ఎవరైనా ఈయనకు పెట్టుకుంటే జవాబేమొస్తుంది? బవేరియా ప్రభువే నయమనిపించడూ! అత్తమామల సంగతి కూడా ఒక్క ముక్కలో. ఒకరి చేయి పట్టుకుని చుట్టాలంతా దిగిపోతున్నారని ఆయన సభల్లో మండిపడుతున్న రోజుల్లోనే, 2018 ఆగస్టులో, స్లొవేనియా నుంచి వచ్చిన మెలానియా తల్లిదండ్రులు కూతురి చేయి పట్టుకునే అమెరికా పౌరులయ్యారు.

మనకు మాత్రం ఆ ప్రభుత్వంలో ఒక పెద్ద భరోసా ఉంది. అల్లుడుగారు! ఉపాధ్యక్షుడు జె.డి.వాన్స్ సతీమణి ఉష మూలాలు పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరులో. ఆయన గెలవాలని ఆ ఊరి గుడిలో పూజలు చేశారు. గెలిచాక సంబరాలు చేసుకున్నారు. చేసుకోనివ్వండి, ఊరి ముచ్చట. కానీ అల్లుడుగారి ప్రభుత్వం అత్తారింటి జాతికి పెట్టిన మొదటి సారె ఏమిటి? 2025 జనవరి 20 నాటి ఉత్తర్వు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, అమెరికా గడ్డ మీద పుట్టినా ఆ బిడ్డ అమెరికన్ కాదట. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ ఏమైంది? 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమైంది? అవన్నీ పరీక్ష రాసేవాళ్లు బట్టీ పట్టాల్సిన సంగతులు. సంతకం పెట్టేవాళ్లకు అక్కర్లేదు.

కోర్టులు వెంటనే అడ్డుపడ్డాయి. కానీ ఉత్తర్వు అమలుకు పెట్టిన నెలరోజుల గడువులో ఏం జరిగింది? నెలలు నిండకుండానే సిజేరియన్ చేయమని భారతీయ దంపతులు డాక్టర్లను బతిమాలుతున్నారని వార్తలొచ్చాయి. తిథీ నక్షత్రం చూసి కాన్పు ముహూర్తం పెట్టించుకునే జాతి మనది. ఈసారి పంచాంగం శ్వేతసౌధం నుంచి వచ్చింది. ఫిబ్రవరి 20 నుంచి దుర్ముహూర్తం.

ఇంత జరిగినా మనవాళ్ల నోట ఒక మాట మాత్రం పోదు. ‘మేం లీగల్‌గా వచ్చాం బాబూ. వాళ్లు వేరు, మేం వేరు.’ డాలస్‌లో వింటాం, న్యూజెర్సీలో వింటాం, వాళ్ల తరఫున అమీర్‌పేటలోనూ వింటాం. తలుపు తోసుకుని లోపలికి వెళ్లీ వెళ్లగానే గడియ పెట్టేసే తొందర. ఈ పాట కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్ పౌరసత్వం అడిగాడు. అప్పట్లో అది తెల్లవాళ్లకూ ఆఫ్రికా సంతతికీ మాత్రమే. రంగు చూసి హక్కులివ్వడం అన్యాయం అని ఆయన వాదించాడా? లేదు. నేను పైకులం ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అన్నాడు. 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కావు, పోవోయ్ అని. థిండ్‌తో ఆగలేదు. అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వం ఊడబెరికారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునే వైష్ణోదాస్ బగాయ్ ఇల్లు పోయి, దుకాణం పోయి, ఏ దేశమూ లేనివాడై 1928లో ప్రాణం తీసుకున్నాడు. 1946లో తలుపు తెరిచారు. ఎంత? ఏడాదికి 100 మంది భారతీయులకు.

ఏడు శాతం హద్దు మీద మనవాళ్ల అభ్యంతరం ఏమిటి? పుట్టినచోటును బట్టి మనిషిని తూచడం అన్యాయం అని. నూటికి నూరుపాళ్లు నిజం! మరి ఇక్కడ 2019 డిసెంబరులో మతాన్ని బట్టి తూచే పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ఆ నోళ్లు ఏమయ్యాయి? చప్పట్లు కొట్టిన చేతులు ఎవరివి? అందులో పాకిస్థాన్ ఉంది, బంగ్లాదేశ్ ఉంది, అఫ్గానిస్థాన్ ఉంది. 1983 నుంచి తమిళనాడు శిబిరాల్లో మగ్గుతున్న శ్రీలంక తమిళులు లేరు. వాళ్లలో హిందువులున్నారు కదయ్యా అంటే జవాబు లేదు. పోనీ చేర్చినవాళ్లకైనా పరుగున ఇచ్చారా? నిబంధనలు రాయడానికే 2024 మార్చి 11 దాకా పట్టింది. అవి బయటికొచ్చిన ఐదు రోజులకు లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కాకతాళీయం, అంతే!

మన దేశం వదిలి వెళ్లేవాళ్ల లెక్క పార్లమెంటులోనే చెప్పారు. భారత పౌరసత్వం వదులుకున్నవారు 2022లో 2,25,620 మంది. 2024లో 2,06,378 మంది. వాళ్లను ప్రవాస సభల్లో భరతమాత ముద్దుబిడ్డలంటారు. విరాళాలడిగేటప్పుడు జన్మభూమి రుణమంటారు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలో మన చట్టం పేరు కొట్టేస్తుంది. చేతిలో ఓసీఐ కార్డు పెడుతుంది. దాంతో ఓటు లేదు, ఊళ్లో అరెకరం పొలం కొనుక్కునే వీల్లేదు.

ఇంత కఠినమైన చట్టమా? ఔను, మామూలు మనుషులకు.

వేములవాడకు రండి. చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరుడయ్యారు. 2008లో భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు, మరుసటేడే వచ్చింది. ఆ ఏడాదే ఎమ్మెల్యే. తర్వాత ఇంకో మూడుసార్లు. దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు దేశంలో ఉండాలన్న నిబంధనను ఆయన పాటించలేదనీ, విదేశీ ప్రయాణాలను దాచారనీ కేంద్ర హోంశాఖ 2017లో పౌరసత్వం రద్దు చేసింది. కేసు. మళ్లీ విచారణ. 2019లో మళ్లీ రద్దు. మళ్లీ కేసు. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయలు కట్టమంది. అప్పటికి ఆయన ఎమ్మెల్యేగా గెలిచిన గెలుపులన్నీ అయిపోయాయి, పదవీకాలాలూ ముగిశాయి.

ఆ నాలుగు ఎన్నికల్లోనూ వేములవాడ పోలింగ్ కేంద్రాల దగ్గర కాగితాలు చూశారు. ఫొటో సరిపోయిందా, జాబితాలో పేరుందా అని ఒకటికి రెండుసార్లు చూశారు. ఓటేయడానికి వచ్చిన ముసలమ్మవి.