వీపును అడగండి: ఒక మందు పంపు ఆత్మకథ

నేను పురుగుమందు కొట్టే పంపును. డోర్నకల్ చుట్టుపక్కల పత్తి, మిర్చి చేలల్లో మగవాళ్ల వీపుల మీదే నా బతుకంతా గడిచింది. నా మూత వదులైనా, వాషర్ అరిగినా మందునీళ్లు ముందు వీపు మీదికి, అక్కణ్నుంచి నడుముకి, తడిసిన లుంగీతో తొడల మధ్యకి కారతాయి. ఇది చిన్న సంగతి కాదు. మనిషి ఒంటి మీద చర్మం అంతటా ఒకేలా మందును పీల్చదు. అమెరికాలో పారథియాన్ అనే పురుగుమందుతో మెయిబాక్ బృందం చేసిన పరీక్షల్లో ముంజేతి చర్మం గుండా పదో వంతు కూడా లోపలికి పోలేదు. వృషణాల తిత్తి గుండా దాదాపు అంతా పోయింది. అయినా పిల్లలు కలగని ఇంట్లో మొదట ఆసుపత్రికి పంపేది కోడలినే, మాట పడేదీ ఆమే. నన్ను మోసిన వీపును ఎవరూ అడగరు. అడగాలన్నదే నా వాదన.

మా వైపు పురుగుమందు హాని మనిషి ఆసుపత్రిలో చేరినప్పుడే లెక్కకెక్కుతుంది. డోర్నకల్ ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్న రోజుల్లో, 1997 నుంచి 2002 దాకా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. ఆ లెక్క అవసరమే. కానీ కింద పడిపోకుండా, సాయంత్రం స్నానం చేసి అన్నం తిని, మర్నాడు మళ్లీ నన్ను ఎత్తుకున్న మనిషి అందులో లేడు. అతని సంసారాన్ని లెక్కలోకి తెచ్చినవాళ్లు పరిశోధకులు రూప, పి.పి.రెడ్డి, ఓ.ఎస్.రెడ్డి. భర్త పత్తికి మందు కొట్టే 1,016 జంటలను మందు జోలికి పోని 1,020 జంటలతో పోల్చి 1991లో ఫలితాలు ప్రచురించారు. మందు కొట్టేవాళ్లలో సంతాన సామర్థ్యం తగ్గింది. వాళ్ల ఇళ్లలో గర్భస్రావాలు, మృతశిశువులు, పుట్టుక లోపాలు ఎక్కువగా కనబడ్డాయి. అదే ఏడాది అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్బోర్న్ తదితర శాస్త్రవేత్తలు సమావేశమై, హార్మోన్లను తారుమారు చేసే రసాయనాల గురించి హెచ్చరించారు. 2003లో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధన ఆ హెచ్చరికను మన దేశంలోనే చూపింది: కాసరగోడ్ జిల్లా పడ్రె గ్రామంలో, జీడిమామిడి తోటలపై హెలికాప్టర్‌తో చల్లిన ఎండోసల్ఫాన్ సోకిన మగపిల్లల్లో ఈడేరడం ఆలస్యమైంది, వయసుకు తగ్గ టెస్టోస్టిరాన్ లేదు.

ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపింది కదా అంటారు. ఆగింది ఒక్క మందు. నేను ఇంకా వేరే మందులతో నిండుతూనే ఉన్నాను. దీనికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: చేలో రెండు మూడు మందులు కలిపి కొడతారు, పైగా ఎండ, పొగాకు, చాలీచాలని తిండి ఉన్నాయి, వీటిలో ఏది కారణమో ఎలా చెబుతారు? ఒప్పుకుంటాను. ఫలానా ఇంట్లో కడుపు నిలవకపోవడానికి ఫలానా మందే కారణమని ఎవరూ తేల్చలేరు. కానీ తేలనంత మాత్రాన పరీక్షే మానేయాలా? 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో డీబీసీపీ అనే మందు తయారుచేసే కార్మికులు తమకు పిల్లలు పుట్టడం లేదని తామే గమనించి వీర్యపరీక్షకు పట్టుబట్టారు. డీబీసీపీ నేరుగా వృషణాలనే దెబ్బతీస్తుందన్న సంగతి అలా బయటపడింది. పరీక్ష చేయించుకోకపోతే వాళ్ల ఇళ్లలోనూ నింద భార్యల మీదే పడేది.

కాబట్టి మానుకోటలోనో ఖమ్మంలోనో పిల్లల కోసం వచ్చిన జంటను చూసే డాక్టర్లకు నా మనవి: ఏ పంటకు, ఏ మందు, ఎన్నేళ్లుగా కొడుతున్నావని భర్తను అడగండి, జవాబును కేసు షీటులో రాయండి. ఆమెకు స్కానింగులు మొదలుపెట్టకముందే అతనికి వీర్యపరీక్ష చేయించండి. అది తేలిక, ఖర్చూ తక్కువ. రైతన్నా, నన్ను ఎత్తుకునే ముందు మూత, వాషర్ చూసుకో. లుంగీ తడిస్తే చేను అయ్యేదాకా ఆగకు, వెంటనే విప్పి ఒళ్లు కడుక్కో.